పదో తేదీ నిప్పట్లు

జూన్ 10, మంగళవారం

మళ్ళీ మెట్ల కింద గదిలో. చాప, చెంబు, కంచం, ఈ డైరీ. నెలలో మిగతా రోజుల్లో పెన్ను పట్టుకునే తీరిక ఉండదు. ఈ మూడు రోజులేమో పెన్ను తప్ప ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదు. పెన్ను ముట్టుకుంటే తప్పు లేదా అని ఒకసారి అత్తను అడిగాను. తిక్కతిక్కగా మాట్లాడొద్దంది.

పొద్దున్నుంచి కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. రాస్తే తెలుస్తుందేమో.

ఫుడ్ రిజిస్ట్రేషన్ వచ్చి నాలుగు నెలలు. ఇంట్లో చేసి ఒక్క కవరు అమ్మినా నంబరు ఉండాలన్నారని ఫిబ్రవరిలో నేనే నెట్ సెంటర్‌కు పోయి నింపించాను. ఆధార్, ఫొటో, ఇంటి చిరునామా. ఏం తయారు చేస్తారు అన్నచోట చెక్కలు అని కాకుండా మా మాటలోనే నిప్పట్లు అని రాయించాను. పద్నాలుగు అంకెల నంబరు వచ్చింది. నాకు కంఠతా వచ్చు. పెళ్ళై ధర్మవరం వచ్చి పదకొండేళ్ళు, నా పేరు మీద ఈ ఇంటికి వచ్చిన మొదటి కాగితం అదే. సర్టిఫికెట్టు వంట చేసే చోటే కనబడాలని ఫుడ్ ఆఫీసువాళ్ళు చెబితే, ఫ్రేము కట్టించి పొయ్యి పక్క గోడకు తగిలించాను. అందులో నా ఫొటో కూడా ఉంది. ఇప్పుడు నా ఫొటో వంటింట్లో ఉంది, నేను మెట్ల కింద ఉన్నాను.

నవ్వొచ్చేలా రాశాను గానీ నవ్వు రావడం లేదు.

నిప్పట్లు మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను, మడకశిరలో. బియ్యప్పిండి, కచ్చాపచ్చాగా దంచిన వేరుశెనగ బుడ్డలు, పుట్నాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు. నూనె ఎప్పుడూ బుడ్డల నూనే. ఒకసారి పెట్టిన నూనె మళ్ళీ పొయ్యెక్కదు. బుధవారం చేస్తాను. గురువారం పొద్దున ఈయన షావుకారు చీరలు తీసుకుని హిందూపురం పోతాడు కదా, పెనుకొండ బస్టాండులో దిగి మసూద్ బేకరీలో నలభై కవర్లు ఇచ్చేసి మళ్ళీ బస్సెక్కుతాడు. కవరు మీద తయారీ తేదీ వేసే ముద్ర ఈయన చేతికే ఇచ్చాను. ఏ రోజు చేస్తే ఆ రోజు తేదీనే పడాలి, తేదీలో అబద్ధమాడితే జరిమానా, నా రిజిస్ట్రేషన్ పోతుంది అని బాగా భయపెట్టాను. ఈ ఒక్క విషయంలో ఈయన నా మాట వింటాడు.

రేపు బుధవారం. నేను చేయడానికి లేదు. అత్త చేస్తుంది. మోకాళ్ళు వంగని మనిషి అన్ని నిప్పట్లు ఎట్లా తడుతుందో. నేను చూసుకుంటా, నువ్వు కదలకుండా కూర్చో అంటుంది ప్రతి నెలా. ఫిబ్రవరి నుంచి ఆమే చూసుకుంటోంది. అత్తకు చేతులెత్తి మొక్కాలి.

జూన్ 11, బుధవారం

రోజంతా చెవి వంటింటి వైపే పెట్టుకున్నాను. ఈయన మగ్గం చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నూనె వాసన కూడా రాలేదు. గాలి అటు తిరిగిందేమో.

జూన్ 12, గురువారం

నేను లేచేసరికే ఈయన సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. కవర్లు అయ్యాయా అని అడిగితే అయ్యాయంది అత్త. ఒక్కటి తినడానికి పెట్టమంటే అన్నీ కవర్లలో పోయాయంది. విరిగినవి కూడానా? నలభై కవర్లు చేస్తే నాకెప్పుడూ గిన్నెడు విరుగుతాయి. అత్తది మంచి చెయ్యి. చేతులెత్తి మొక్కాలి.

జూన్ 18, బుధవారం

నలభై. నడుము పడిపోయింది. విరిగినవి గిన్నెడు.

జూన్ 25, బుధవారం

నలభై. బత్తలపల్లి నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసి, పెనుకొండలో కొన్నాం, మీ నిప్పట్లకు కరివేపాకు ఎట్లా నల్లబడకుండా వేస్తారు అని అడిగింది. చెప్పలేదు.

జూలై 8, మంగళవారం

మెట్ల కింద.

నెట్ సెంటర్‌లో ఇచ్చిన నిబంధనల కాగితం డైరీలోనే మడిచి పెట్టుకున్నాను. ఈ రోజు మొదటిసారి చివరిదాకా చదివాను. గోళ్ళు కత్తిరించుకోవాలి. జుట్టు కట్టుకోవాలి. మంచినీళ్ళే వాడాలి. తయారు చేసే చోటికి ఎవరు రాకూడదో కూడా రాశారు. జ్వరం ఉన్నవాళ్ళు, కామెర్లున్నవాళ్ళు, విరేచనాలవుతున్నవాళ్ళు, చేతికి పుండున్నవాళ్ళు. రెండుసార్లు చదివాను. నేను అందులో లేను.

అత్తకు చదివి వినిపిద్దామనుకున్నాను. ఏం లాభం? ఆ కాగితం గవర్నమెంటుది. ఈ ఇల్లు ఆమెది. ఒకటే వంటిల్లు, రెండు రకాల నిబంధనలు. గవర్నమెంటు నిబంధనలన్నీ పాటిస్తే నా పేరు గోడ మీద ఉంటుంది. అత్త నిబంధన పాటిస్తే ఆ గోడ నాకు కనబడదు.

జూలై 10, గురువారం

మూడో రోజు. రేపు తలస్నానం. నలభై కవర్లు పోయాయట. విరిగినవి లేవట.

జూలై 11, శుక్రవారం

సోమవారం పిండి ఆడించి డబ్బా నింపి పెట్టాను. ఈ రోజు మూత తీస్తే అట్లాగే నిండుగా ఉంది. నూనె డబ్బా సీలు కూడా తీయలేదు. అత్త వేరే పిండి, వేరే నూనె తెప్పించిందేమో. అడగలేదు. ఎందుకు అడగలేదో రాయను.

జూలై 19, శనివారం

నోటీసు వచ్చింది. నా పేరు, నా నంబరు, నా చిరునామా. పోస్టు ఆయన పెద్దగా పేరు పిలిచి సంతకం పెట్టించుకున్నాడు. వీధి వీధంతా తలుపుల్లోంచి చూసింది.

మసూద్ బేకరీలో కొన్న నిప్పట్లు తిని ఒక పెద్దాయనకు వాంతులయ్యాయట. కూతురు ఫిర్యాదు పెట్టిందట. ఫుడ్ ఆఫీసర్ పోయి మిగిలిన కవర్లు తీసుకున్నాడు. పాడైన నూనె అని రాశారు. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇరవై ఎనిమిదో తేదీ ఇంటికొచ్చి వంటిల్లు చూస్తారు.

పాడైన నూనె! నేనా! మిగిలిన నూనె కూరలోకి కూడా పోయను నేను. అత్త దుబారా అని తిడితే పడతాను గానీ పోయను. ఆ పెద్దాయన ఇంకేం తిన్నాడో, ఎవరికి తెలుసు? మసూద్ కవర్లు ఎండలో పెట్టి ఉంటాడు. ఆ కూతురికి ఫోన్ చేతిలో ఉంది కదా అని ఫిర్యాదు పెట్టేయడమేనా, కవరు మీద నా ఫోన్ నంబరుంది, నాకొక మాట చెప్పకూడదా? అందరినీ తిట్టాను. నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాను.

ఈయన మగ్గం గుంతలో కూర్చుని తెగిన పోగులు అతుకుతూనే ఉన్నాడు. భయపడిపోయాడు పాపం.

జూలై 20, ఆదివారం

నోటీసులో తయారీ తేదీ రాశారు. పదో తేదీ, ఏడో నెల.

డైరీ వెనక్కి తిప్పాను. పదో తేదీ నేను మెట్ల కింద ఉన్నాను. సరే, అత్త చేసింది. కానీ పదో తేదీ గురువారం. చేసేది బుధవారం. తొమ్మిది పడాలి. ఈయన ముద్ర తిప్పడంలో పొరపాటు పడి ఉంటాడు. అంతే అయి ఉంటుంది.

అంతే అయి ఉంటుంది.

జూలై 21, సోమవారం

ఇంట్లో చెప్పకుండా పెనుకొండ పోయాను.

మసూద్ నన్ను చూసి స్టూలు వేశాడు, టీ ఇచ్చాడు. ఒక కవరు ఆఫీసర్ కళ్ళబడకుండా మిగిలిందని లోపల్నుంచి తెచ్చాడు. కవరు నాదే. పేరు నాది, నంబరు నాది. విప్పగానే వాసన కొట్టింది. చేతిలోకి తీసుకుంటే వేళ్ళకు జిడ్డు. విరిస్తే పుట్నాలు లేవు, కరివేపాకు లేదు. బుడ్డలు వెతికితే ఒక్కటి దొరికింది, నల్లగా మాడి. అత్త చేసిందైతే ఎంత చెడ్డా ఇట్లా ఉండదు. అత్త చేతిలో ఉప్పెక్కువ పడుతుంది, దీంట్లో ఉప్పే లేదు.

ఎవరో నా కవర్లు దొంగతనంగా అచ్చు వేయించారు మసూద్, అన్నాను. నిజంగానే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మసూద్ కాసేపు టీ గ్లాసులు కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు. తర్వాత అన్నాడు.

"అక్కా, హరన్న ఎప్పుడూ పొద్దున బస్సుకు తెచ్చిస్తాడు గదా. నెలకొక వారం మాత్రం పొద్దున ఖాళీ చేతుల్తో పోతాడు. సాయంత్రం హిందూపురం బస్సు దిగి ఇచ్చిపోతాడు. నాకేం తెలుసు, మీరు ఆడ కూడా ఒక వంటిల్లు పెట్టినారేమో అనుకుంటి."

నెలకొక వారం. ఏ వారమో నాకు వేరే చెప్పాలా?

హిందూపురంలో ఏదో షెడ్డులో చేసినవై ఉంటాయి. విడిగా కొని, నా కవర్లలో పోసి, అక్కడే తేదీ ముద్ర వేశాడు. ఏ రోజు పోస్తే ఆ రోజు తేదీ. లోపలున్నదంతా అబద్ధం, పైన తేదీ మాత్రం నిజం. ఎందుకంటే తేదీలో అబద్ధమాడితే నేరమని నేనే కదా నేర్పించాను!

మసూద్ దగ్గర నంబరు తీసుకుని పెద్దాయన కూతురికి ఫోన్ చేశాను. ఇప్పుడు బాగున్నాడట. రెండు రోజులు మంచం మీదే ఉన్నాడట. నేను క్షమించమన్నాను. ఆమె తిట్టలేదు. "మీ పేరు చూసి కొన్నామమ్మా, కొట్లో వేరేవి కూడా ఉన్నాయి" అని పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 22, మంగళవారం

అడిగాను.

ముందు ఈయన లేదన్నాడు. మసూద్ దగ్గర్నుంచి తెచ్చిన కవరు తీసి మగ్గం మీద, సగం నేసిన చీర మీద పెట్టబోయాను. షావుకారు చీర, జిడ్డంటితే పోయినట్టే. అప్పుడు లేచి నిలబడి, షెడ్డులో కొన్నది నిజమే అన్నాడు. ఒక వారం సరుకు లేదంటే మసూద్ ఇంకొకరిది పెట్టుకుంటాడట, అమ్మకు మోకాళ్ళట, నాకు వంటింట్లోకి రావడానికి లేదట, ఇంకేం చేయమంటావు, అంతా నీ కోసమే చేసినా అన్నాడు. నా కోసమే! ఒళ్ళు మండిపోయింది. ఫిబ్రవరి నుంచి ఆరు నెలలు, ప్రతి నెలా, నా కోసమే.

అత్తకు మొదటి నుంచి తెలుసు. దేవుడి గూడు ముందు కూర్చుని వత్తులు చేస్తోంది, తల ఎత్తలేదు.

"నేను చేతులెత్తి మొక్కుకుంటాంటి అత్తా నీకు," అన్నాను. "ఈ మోకాళ్ళతో ఎట్లా చేస్తాండావో అని."

"నన్నేం చేయమంటావే?" అంది అత్త. "వాడు తెస్తాననె, సరేలే అంటి. ఆ గదిలో నేను ముప్పై ఏండ్లు కూసున్యా. నాకేమన్నా అయిందా? నీ నిప్పట్ల కోసమని ఇంటి ఆచారం పోగొట్టుకోమంటావా?"

"ఆచారం పోకూడదు. నా పేరు పోవచ్చు."

"పేరు యాడికి పోతాది? కవరే గదా."

వంటింట్లోకి పోయి ఫ్రేములో నా ఫొటో చూశాను. ఫిబ్రవరిలో దిగిన ఫొటో. కొత్త చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు ఉన్నాను అందులో. దాన్ని చూస్తే ఇంకా కోపమొచ్చింది.

డైరీ మొదటి నుంచి చదివాను. వాసన రాలేదని రాశాను. విరిగినవి లేవని రాశాను. పిండి డబ్బా నిండుగా ఉందని రాశాను. అన్నీ చూసి, అన్నీ రాసి, గాలి అటు తిరిగిందేమో అని కూడా నేనే రాశాను. ఈయన మీద ఎంత కోపముందో నా మీద అంతే ఉంది.

జూలై 23, బుధవారం

చేయలేదు. మసూద్‌కు ఫోన్ చేసి సరుకు లేదన్నాను.

జూలై 27, ఆదివారం

రేపు ఆఫీసర్ వస్తే ఏం చెప్పాలో ఈయన నాకు నేర్పిస్తున్నాడు. నువ్వే చేశావని చెప్పు, నూనె పొరపాటైందని చెప్పు, ఒకసారికి వదిలేస్తారు అంటాడు. నేను వాడని పాడు నూనె నేనే వాడానని నా నోటితో చెప్పాలట. బయటి సరుకని చెబితే అసలుకే మోసమట. నిజమే, ఇంకా పెద్ద తప్పే. రిజిస్ట్రేషన్ అక్కడికక్కడే పోవచ్చు. పైగా ఆ రోజు నువ్వు ఎందుకు చేయలేదు అంటే ఏం చెబుతావు, పరాయి మగవాడి ముందు, అంది అత్త.

అదే ఆలోచిస్తున్నాను. ఏం చెప్పాలి?

జూలై 28, సోమవారం

ఆఫీసర్ మా తమ్ముడి వయసు మనిషి. చెప్పులు విప్పి వంటింట్లోకి వచ్చాడు. డబ్బాలు మూతలు తీసి చూశాడు, నూనె వాసన చూశాడు, నీళ్ళ డ్రమ్ము చూశాడు. గోడ మీద ఫొటోను, నన్ను మార్చి మార్చి చూశాడు. ఇంత శుభ్రంగా ఉందే, మరి ఆ సరుకు అట్లా ఎందుకొచ్చింది అని అడిగాడు.

ఈయన ముందుకొచ్చి, "మా ఆడమనిషే చేసింది సార్, నూనె కొంచెం పొరపాటు" అన్నాడు.

రాత్రంతా అనుకున్నదేదీ గుర్తు రాలేదు. కోపం ఒక్కటే ఉంది.

"నేను చేయలేదు సార్. ఈడ ఎవరూ చేయలేదు. హిందూపురంలో ఒక షెడ్డులో కొని నా కవర్లలో పోసినారు. పదో తేదీ నేను వంటింట్లోకే రాలేదు."

"ఊరికి పోయింటిరా?"

"లేదు సార్. ఆ మెట్ల కింద ఉంటి."

ఆయనకు అర్థం కాలేదు. మెట్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. అత్త వెనకనుంచి నా కొంగు లాగింది. గట్టిగానే లాగింది.

"బయటుంటి సార్. మూడో దినం."

ఆఫీసర్ తల వంచుకుని కాగితాల్లో ఏదో వెతికాడు. ఈయన వీధిలోకి పోయి నిలబడ్డాడు. నేను మాత్రం అక్కడే ఉన్నాను. ఒకసారి చెప్పేశాక సిగ్గు పోయింది, ఇంత చిన్న మాట చెప్పడానికా ఇన్నాళ్ళు చచ్చాను అనిపించింది. ఇంకొక మాట కూడా అడిగేశాను. మీ నిబంధనల్లో ఆ మూడు దినాలు వండకూడదని యాడన్నా ఉండాదా సార్ అన్నాను. ఆయన లేదమ్మా అన్నాడు, రోగాల గురించే ఉంది, ఇది రోగం కాదు కదా అన్నాడు. అత్త వైపు చూడకుండానే అన్నాడు.

తర్వాత చెప్పాల్సిందంతా చెప్పాడు. నేను చేయకపోయినా, నాకు తెలియకపోయినా, కవరు మీద నా పేరుంది కాబట్టి బాధ్యత నాదే. బయట కొన్నది నా నంబరుతో అమ్మడం పాత నూనె కంటే పెద్ద తప్పు. ఉన్న కవర్లన్నీ వెనక్కి తెప్పించి పారేయాలి. జరిమానా కట్టాలి. ఆ షెడ్డు సంగతి ఆయన వేరుగా చూసుకుంటాడు. నిజం చెప్పాను కాబట్టి ఈ ఒక్కసారికి రిజిస్ట్రేషన్ ఉంచమని రాస్తానన్నాడు. ఇంకొకసారి జరిగితే పోయినట్టే.

"ఒక్క మాటమ్మా. సంజాయిషీలో ఇది కూడా రాయండి. నెలనెలా ఆ మూడు దినాలు తయారీ ఎవరు చేస్తారో. ఎవరూ లేకపోతే ఆ వారం సరుకు లేదని రాయండి. రెండిట్లో ఏదైనా సరే, రాసినట్టు జరగాల."

ఆయన పోయాక ఈయన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. అమ్మ పేరు రాయి అన్నాడు. ఇంత జరిగాక కూడా! లేదంటే ఆ వారం సరుకు లేదని రాసేయ్, పీడ పోతుంది అన్నాడు.

ఆ మాట నేనూ ఆలోచించాను. సుఖంగానే ఉంటుంది. మూడు రోజులు చాప, చెంబు, డైరీ. ఎవరితో గొడవ ఉండదు. నోటీసూ రాదు.

తయారు చేసేవారు: ప్రమోద. ఆ మూడు రోజులు కూడా ప్రమోద. రాసి, సంతకం పెట్టి, నేనే పోయి పోస్టు చేసి వచ్చాను.

జూలై 30, బుధవారం

నలభై. అత్త మాట్లాడటం లేదు. ఈయన మాట్లాడుతున్నాడు, నేను మాట్లాడటం లేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఈ రోజు వచ్చింది. మూడు రోజుల్లో వరలక్ష్మీ వ్రతం. దేవుడి గూడు జోలికి నేను పోను, ఆ నమ్మకం అత్తది, దాన్ని ముట్టుకోను. పూజకు పెట్టే వంట కూడా నేను చేయను. నేను చేసేది మసూద్ కొట్టుకు, జనం టీలో నంజుకోవడానికి. ఇదంతా అత్తకు నిదానంగా చెప్పాలనుకున్నాను. చెప్పడం మొదలుపెట్టేసరికే అరిచాను.

అత్త అరవలేదు. స్నానం చేసి వంటింటి గడప దాటుతుంటే చూసింది. అడ్డం వస్తుందనుకున్నాను. రాలేదు. గోడ పట్టుకుని లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ నడిచి పోయి, మెట్ల కింద గదిలో నా చాప మీద కూర్చుంది.

"నువ్వు లోపలుంటే నేను ఈడుంటా. మూడు దినాలు."

ఈయన వచ్చి అమ్మను బతిమాలాడు, నన్ను బతిమాలాడు, మళ్ళీ అమ్మను బతిమాలాడు. ఆఖరికి పోయి మగ్గంలో కూర్చున్నాడు గానీ నేత సాగలేదు. నాకు జాలి కలిగింది. కలిగిందని కోపమొచ్చింది. మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టి గడప దగ్గర పెడితే అత్త ముట్టుకోలేదు. అరటిపండ్లు తెప్పించుకుని తింది. ఆ గదిలో ఫ్యాను లేదు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది, కొంగుతో విసురుకుంటోంది. ఈయన చేత టేబుల్ ఫ్యాను పెట్టించాను. పదకొండేళ్ళలో నాకు ఎవరూ పెట్టించలేదు.

పిండి ఆడించుకొచ్చాను. బుడ్డలు వేయించి పొట్టు తీశాను. తేదీ ముద్ర ఈయన సంచిలోంచి తీసి వంటింట్లో, నా ఫొటో కింద పెట్టాను, ఈయన చూస్తుండగానే.

ఆగస్టు 6, బుధవారం

రెండో రోజు. నలభై కవర్లు.

నూనె కాగుతుంటే మెట్ల కిందనుంచి, "మంట తగ్గించు, కమురు కొడతాంది" అని కేక. తగ్గించాను.

విరిగినవి గిన్నెడు. అత్త గడప దగ్గర పెట్టి వచ్చాను. ఇప్పుడు పోయి చూస్తే ఖాళీ గిన్నె. ఉప్పు చాల్లేదంది. నాకు ఒళ్ళు మండింది.

తేదీ ముద్ర నేనే వేశాను. రేపు పొద్దున బస్సుకు నేనే పోతాను. ఇంక రాయడానికి తీరిక లేదు.